మార్పు లేని జాబితా

నిఖిల లాప్‌టాప్‌ను ఐటీ వాళ్ళిద్దరు వచ్చి పట్టుకెళ్ళిన పది నిమిషాలకు కాత్యాయనికి ఆకలి వేసింది.

ఆఫీసులో కూర్చుని ఇంత ఆకలి వేసి రెండేళ్ళయింది. సరిగ్గా నిఖిల ఈ బ్యాంకులో చేరినప్పటి నుంచి. ఇప్పుడు ఆ నిఖిల పద్నాలుగో అంతస్తు చివర అద్దాల గదిలో ఒంటరిగా కూర్చుని ఉంది. తలుపు బయట హెచ్‌ఆర్ మనిషి కాపలా. అందరూ ఎవరి తెర వంక వాళ్ళు చూస్తున్నట్టు నటిస్తూ ఆ గది వంకే చూస్తున్నారు. కాత్యాయని నటించలేదు. తల తిప్పి తృప్తిగా చూసింది.

టైము పదకొండున్నర. నాలుగింటికి బోర్డు అత్యవసరంగా కూర్చుంటోంది. ఈలోపు ఒక్క ప్రశ్నకు జవాబు దొరకాలి. విజిల్‌బ్లోయింగ్ పాలసీలో ఆ వాక్యాన్ని మార్చిందెవరు?

వాక్యం చిన్నదే. బ్యాంకులో తప్పు జరుగుతోందని ఏ ఉద్యోగి రాసినా, ఆ ఉత్తరం నేరుగా ఆడిట్ కమిటీ చైర్‌పర్సన్‌కు, ఆమెకు మాత్రమే వెళ్ళాలి. పదేళ్ళుగా పాలసీలో ఉన్న మాట అది. జనవరిలో బోర్డు ఆమోదించిన కాపీలో మాత్రం, ముందుగా చీఫ్ ఆపరేటింగ్ ఆఫీసర్‌కు వెళ్ళాలి అని ఉంది.

చీఫ్ ఆపరేటింగ్ ఆఫీసర్ అంటే చక్రధర్.

మార్చిలో అనిరుధ్ అనే ఇంజినీరు ఒక ఉత్తరం రాశాడు. ఊళ్ళోనే వన్-నార్త్ అనే పేటలో బ్యాంకు టెక్నాలజీ సెంటర్ ఉంది, అతను అక్కడ పనిచేసేవాడు. అసలు సర్వర్లు పడిపోతే బ్యాంకును నడపాల్సిన బ్యాకప్ సెంటర్ పరీక్షలో ఫెయిలైందనీ, చక్రధర్ దాన్ని పాసైనట్టు రిపోర్టు రాయించాడనీ ఆ ఉత్తరం సారాంశం. కొత్త వాక్యం పుణ్యమా అని అది తిన్నగా చక్రధర్ చేతికే చేరింది. మూడు వారాల్లో, విభాగాన్ని పునర్వ్యవస్థీకరిస్తున్నామన్న పేరుతో అనిరుధ్ ఉద్యోగం ఊడింది.

అతను ఊరుకోలేదు. తన ఉత్తరం నకలును ఆడిట్ కమిటీ చైర్‌పర్సన్ మేడమ్ ఓంగ్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. ఆవిడ నిన్న చదివింది. ఇలాంటి మార్పును తానెన్నడూ ఆమోదించలేదంది. మినిట్స్ తీసి చూపించారు. ఆమోదించింది. ఆమెతో పాటు మిగతా ఆరుగురు డైరెక్టర్లూ ఆమోదించారు, ఒక్కరు కూడా చదవకుండా.

అదెలా సాధ్యమో ఈ బ్యాంకులో కాత్యాయనికి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

బ్యాంకుకు అరవై మూడు పాలసీలున్నాయి. ప్రతిదీ ఏడాదికోసారి బోర్డు ముందుకు వెళ్ళి మళ్ళీ ఆమోదముద్ర వేయించుకోవాలి. అరవై మూడు పాలసీలు చదివే డైరెక్టరు ఇంకా పుట్టలేదు. అందుకే ఒక ఏర్పాటుంది. మార్పులున్న పాలసీలు విడివిడిగా చర్చకు వస్తాయి. మార్పుల్లేనివన్నీ ఒకే జాబితాలో, ఒకే పేజీలో వస్తాయి. దాని పేరే మార్పు లేని జాబితా. చైర్మన్ ఆ పేజీ పేరు చదువుతాడు, అందరూ తలూపుతారు, అరనిమిషంలో పాతిక పాలసీలు గట్టెక్కుతాయి.

తలూపే వాళ్ళకు ధైర్యమిచ్చేది రెండు సంతకాలు. పాత కాపీనీ కొత్త కాపీనీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిపోల్చి మొదటి గడిలో కాత్యాయని సంతకం పెట్టాలి. ఆ తర్వాత రెండో గడిలో పాలసీల విభాగం హెడ్ పెట్టాలి. హెడ్ అంటే నిఖిల.

జనవరి నాటి కాగితం మీద రెండు గడుల్లోనూ నిఖిల సంతకమే ఉంది. మొదటి గడిలో, కాత్యాయని తరఫున అని చిన్న అక్షరాలు. బోర్డు పోర్టల్లోకి ఆ పాలసీ ఎక్కింది కూడా నిఖిల లాగిన్ నుంచే, శుక్రవారం పదకొండూ నలభై ఏడుకి.

ఇవన్నీ వరసగా పేర్చి నాలుగింటికి బోర్డు ముందు పెట్టమని మేడమ్ ఓంగ్ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. ఆ ఫోన్ వచ్చింది కాత్యాయనికి. రెండేళ్ళలో ఆవిడ కాత్యాయనికి ఫోన్ చేయడం అదే మొదలు.

*

అంతకు ముందు తొమ్మిదేళ్ళు ఆ ఫోన్లన్నీ కాత్యాయనికే వచ్చేవి.

తొమ్మిదేళ్ళు ఆ అరవై మూడు పాలసీల తేదీలనూ ఒక ఎక్సెల్ షీటులో ఆమె కంటికి రెప్పలా కాచింది. గడువు దగ్గరపడితే పసుపు, వారంలోపు ఉంటే ఎరుపు. ఒక్క పాలసీ కూడా తేదీ దాటలేదు. హెడ్ పోస్టు ఖాళీ అయినప్పుడు అది తనదేనని రాజమండ్రిలో వాళ్ళక్కకు చెప్పేసింది కూడా. అప్పుడు వచ్చింది నిఖిల. వరంగల్ పిల్ల, ఇక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్, ముప్పై మూడేళ్ళు. ఆరు నెలల్లో ఎక్సెల్ షీటును మూలన పడేసి పోర్టల్ తెచ్చింది. గడువు దగ్గరపడగానే అదే అందరికీ మెయిళ్ళు కొడుతుంది. బోర్డు చప్పట్లు కొట్టింది.

చైనీస్ న్యూ ఇయర్‌కి మేడమ్ ఓంగ్ ఒక డబ్బా పైనాపిల్ టార్టులు తెచ్చి నిఖిల చేతిలో పెట్టింది. స్వయంగా చేసినవట. కాత్యాయని ప్యాంట్రీలో అందరికీ పెట్టిన డబ్బాలోంచి ఒకటి తీసుకుంది. అది కొన్నది. కొరికితే తెలిసిపోయింది.

అన్నిటికంటే ఒళ్ళు మండేది ఆ పిలుపు. నిఖిల ఆమెను మొదటి రోజు నుంచీ "అక్కా" అంది. పై కుర్చీలో కూర్చున్న మనిషి కింద కుర్చీలో మనిషిని అక్కా అని పిలిస్తే, కింద మనిషి కోపం తెచ్చుకునే హక్కు కూడా పోతుంది. పండక్కి వాళ్ళమ్మ పంపిన సకినాలు తెచ్చిచ్చింది. కాత్యాయని వాటిని బుకిట్ బటోక్‌లో తన ఇంటికి తీసుకెళ్తే కూతురు తన్మయి డబ్బా ఖాళీ చేసి, "నిఖిల ఆంటీ సో నైస్ లా! నువ్వెందుకు అలా ఉండవు?" అంది. పదమూడేళ్ళ పిల్ల. ఆ రాత్రి కాత్యాయని అన్నం తినలేదు.

కాబట్టి జనవరిలో ఆ గురువారం మధ్యాహ్నం జరిగినదానికి ఆమె దగ్గర కారణముంది.

పాలసీ బాధ్యులు తమ కాపీలు పెట్టే ఉమ్మడి ఫోల్డర్‌లోంచి నాలుగు ఫైళ్ళు సరిపోల్చమని నిఖిల పంపింది. వాటిలో విజిల్‌బ్లోయింగ్ పాలసీ ఒకటి. కంప్లయన్స్ హెడ్ మానేశాక ఆ పాలసీ తాత్కాలికంగా చక్రధర్ చూసుకుంటున్నాడు. కాత్యాయని రెండు కాపీలూ పక్కపక్కన పెట్టింది. ఏడో పేజీలో ఒక వాక్యం ఎర్రగా వెలిగింది.

మార్పు లేని జాబితాలో మార్పు.

ఆమె ఆ వాక్యం మూడుసార్లు చదివింది. ఇది నిఖిల పనే అనుకుంది. చక్రధర్‌ను మెప్పించడానికి చేసి ఉంటుంది, లేదా ఏ బ్యాంకు నమూనానో తెచ్చి అతికించి ఉంటుంది. ఏదైతేనేం, తప్పు. లేచి వెళ్ళి చెబితే అయిదు నిమిషాల్లో సరిపోతుంది. చెప్పకపోతే? మేడమ్ ఓంగ్ ఎలాగూ చదువుతుంది, ఆవిడ పదవి గురించిన వాక్యమే కదా. బోర్డులో అందరి ముందూ నిఖిలను నిలదీస్తుంది. ఆ దృశ్యం ఊహించుకుంటే కాత్యాయనికి పైనాపిల్ టార్టు తిన్నంత తియ్యగా ఉంది.

శుక్రవారం క్లినిక్‌కి వెళ్ళి జ్వరమని ఎమ్‌సీ, అంటే సెలవుకు డాక్టర్ సర్టిఫికెట్, తీసుకుంది. పది గంటలకు నిఖిల మెసేజ్ వచ్చింది: "అక్కా, ఆ నాలుగు చూసినవా? మార్పులేం లేవు గదా? పన్నెండింటికి పోర్టల్ బంద్ అయితది." కాత్యాయని చదివింది. జవాబివ్వలేదు. గంటన్నర తర్వాత ఇంకొకటి: "సరే, రెస్ట్ తీస్కో. నువ్వు చూసే ఉంటవ్. నీ సంతకం నేనే పెడుతున్న."

మేడమ్ ఓంగ్ చదవలేదు. ఎవరూ చదవలేదు. అరనిమిషంలో అయిపోయింది. ఇంత గొప్ప బోర్డూ తనను మోసం చేసిందని కాత్యాయనికి ఆ రోజు నిజంగానే జ్వరం వచ్చినంత పనైంది.

*

నిఖిలను కలవడానికి ఒక సాకు దొరికింది. జనవరి కాగితం మీద సంతకం ఆమెదేనని ఆమె నోటితో చెప్పించాలి. హెచ్‌ఆర్ మనిషి పది నిమిషాలిచ్చాడు.

ఏడ్చి ఉంటుందనుకుంది కాత్యాయని. ఏడవలేదు. సంతకం తనదేనంది. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే వర్క్ పాస్ రద్దవుతుంది, ముప్పై రోజుల్లో దేశం వదలాలి. ఆ లెక్కే వేసుకుంటున్నట్టుంది.

"సెంగ్‌కాంగ్‌ల మా ఇంటి బాల్కనీ నిండ కుండీలున్నయ్ అక్కా. నీకిద్దామంటే నీ చేతిల మొక్క బతకదు గదా," అంది. నవ్వింది కూడా.

కాత్యాయని నవ్వలేదు. అసలు అడగాలని వచ్చింది వేరే. చివరికి అడిగేసింది. "ఆ రోజు నీ మెసేజ్‌లున్నాయిగా, నీ ఫోన్లో. చూపించలేదా?"

"ఎందుకు చూపిస్త? నీకు జెరం ఉండె. నువ్వు చూసినవని నేననుకున్న. చూసిన అని నువ్వెన్నడు చెప్పలే. అనుకున్నది నేనే, సంతకం పెట్టింది నేనే. నడిమిట్ల నీ పేరెందుకు?"

కాత్యాయని కాగితం మడతపెట్టి లేచింది. గబగబా తలుపు వైపు నడిచింది. జాలితో కాదు. కుర్చీలో తనకంటే పైన కూర్చుంది, బోర్డు దగ్గర పైన కూర్చుంది, ఇంట్లో కన్నకూతురి దగ్గర పైన కూర్చుంది. ఇప్పుడు ఉద్యోగం పోతూ కూడా మంచితనంలో పైనే కూర్చుంటుందా? ఇంక కింద ఉన్న మనిషికి మిగిలేదేముంది?

*

తినడానికి కిందికి దిగింది. వెనక వీధి హాకర్ సెంటర్‌లో ఖాళీ బల్ల ఒక్కటే కనిపించింది. దాని మీదా ఎవరో టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఇక్కడి అలవాటు ప్రకారం, చోటు చోప్ చేసుకున్నారు. ఆమె వెనుదిరగబోతుంటే ఒక కుర్రాడు ప్లేటు పట్టుకొచ్చి, కూర్చోండి ఆంటీ, నేనొక్కణ్ణే అన్నాడు. తెలుగు సంఘం ఉగాదికి చూసిన ముఖం. అనిరుధ్.

మూడింటికి బోర్డు వాళ్ళు వాంగ్మూలానికి పిలిచారట. అనంతపురం వాడు, మాట మెత్తన. తొమ్మిది రోజుల్లో పాస్ గడువైపోతుందనీ, భార్య అమూల్య ఇంట్లో సామాన్లు సర్దుతోందనీ చెప్పాడు. ఎవరినీ తిట్టలేదు. ఒక్కటే అర్థం కావడం లేదన్నాడు.

"నేను గుడ్డిగా రాయలేదు ఆంటీ. మా ఫ్లోర్ ప్యాంట్రీలో ఆ పాలసీ అతికించినారు. ఉత్తరం చైర్‌పర్సన్ మేడమ్‌కే పోతుందని అందులో ఉంది. మూడుసార్లు చదివినా. కింద, సందేహాలుంటే అడగండని మీ పేరు రాసుండారు. ఒక్క తూరి మీకు ఫోన్ చేసుంటే బాగుండేదేమో."

అది పోయినేటి కాపీ. కొత్తది వచ్చాక పాతవి మార్చడం కూడా కాత్యాయని పనే. మారిస్తే మార్పూ, దాంతో తాను దాచిన సంగతీ బయటపడతాయని ఆమె ఏ అంతస్తులోనూ మార్చలేదు. మారిస్తే ఈ పిల్లాడు ఆ ఉత్తరం రాసేవాడు కాదు.

తెచ్చుకున్న ఇడియాప్పం అలాగే ఉండిపోయింది. ఆకలి చచ్చిపోయింది.

*

రెండున్నరకు చక్రధర్ నుంచి పిలుపు.

యాభై రెండేళ్ళ మనిషి, గుంటూరు, గొంతులో ఎప్పుడూ పెద్దన్నయ్య ఆప్యాయత. పదకొండేళ్ళ కింద కాత్యాయనిని ఈ బ్యాంకులోకి తెచ్చింది ఆయనే. తన వాంగ్మూలం రాసిచ్చేశానన్నాడు. తను ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టింది పాత కాపీయే. పోర్టల్‌లో ఎక్కిందేదో తనకు తెలియదు. ఉత్తరం తన దగ్గరికొస్తే బోర్డు ఆమోదించిన పాలసీ ప్రకారమే నడుచుకున్నాడు. ఉమ్మడి ఫోల్డర్‌లో కాపీ చూపించమంటారేమో, ఆమోదం పొందిన అరవై రోజులకు అక్కడి ఫైళ్ళు తుడిచెయ్యాలని బ్యాంకు నియమమే చెబుతోంది, తుడిచేశారు. నిఖిల లాప్‌టాప్ ఐటీ దగ్గరుంది. ఐటీ ఆయన కిందే ఉంది.

"కాబట్టి నీ పని తేలికమ్మా. పోర్టల్ రికార్డు ఒకటి, సంతకాల కాగితం ఒకటి. రెండూ పెట్టు, వచ్చెయ్. వచ్చే నెలకి ఆ కుర్చీ నీది. రెండేళ్ళ కిందే నీది కావాల్సింది."

కాత్యాయని తలూపింది. ఆ మాట వినడానికి రెండేళ్ళు ఎదురు చూసింది. తియ్యగానే ఉంది. లేచి తలుపు దాకా వెళ్ళింది.

"ఇంకోటి," అన్నాడాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ. "గురువారం మధ్యాహ్నం నువ్వు ఆ ఫైలు తెరిచావు. శుక్రవారం ఎమ్‌సీ పెట్టావు. ఫోల్డర్ లాగ్‌లో అప్పుడే చూశాను. ఎవరికీ చెప్పన్లే. మన మనిషివి."

బెదిరింపు అది. నోరు జారితే నువ్వూ మునుగుతావన్న హెచ్చరిక. తన సీటు దగ్గరికి వచ్చి కూర్చునేదాకా ఆమెకు భయం తప్ప ఇంకేమీ తోచలేదు.

తర్వాత తోచింది.

పాత కాపీ పెట్టిన మనిషి, ఆ కాపీని ఎవరు తెరిచారో జనవరిలోనే ఎందుకు చూసుకుంటాడు?

ఆమె డ్రాయర్ తాళం తీసి లాప్‌టాప్‌కి పాత పెన్‌డ్రైవ్ గుచ్చింది. ఇదొక్కటీ ఆయనకు తెలియదు. నిఖిలకూ తెలియదు. ఫోల్డర్‌లో ఉన్న ఫైలును అక్కడే తెరిచి సరిపోల్చమని నిఖిల వందసార్లు చెప్పింది. పోర్టల్ మీద పగతో కాత్యాయని ఆ మాట వినలేదు. ఎక్సెల్ కాలం నాటి అలవాటు కొద్దీ ప్రతి ఫైలునూ ముందు తన దగ్గరికి కాపీ చేసుకుని, ఆ తర్వాతే సరిపోల్చేది. గురువారం నాటి వర్డ్ ఫైలు, ఎర్రగా వెలిగిన వాక్యంతో సహా, అందులో ఉంది.

నాలుగు నెలలుగా ఉంది. ఎవరు మార్చారో ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. నిఖిలే అయి ఉండాలని కోరుకున్నదానికి చూడాల్సిన అవసరమేముంది?

ఇప్పుడు ఫైలు వివరాలు తెరిచింది. చివరిసారి మార్చిన రోజు బుధవారం, ఉదయం తొమ్మిదీ పన్నెండు. మార్చినవారి పేరు ఆ పక్కనే ఉంది.

నిఖిల కాదు.

కాత్యాయని ఆ పేరు మళ్ళీ చదివింది. ఈ రెండేళ్ళూ నెలకోసారి ఆయన పిలిచి కాఫీ తాగించేవాడు. ప్రతి కాఫీకీ నిఖిల గురించి ఒక ముక్క వదిలేవాడు. మేడమ్ ఓంగ్ ఆ అమ్మాయిని తెగ మెచ్చుకుందమ్మా. ఆ అమ్మాయికి ఈసారి జీతం ఎక్కువే పెంచాల్సొచ్చిందమ్మా. నీ ఎక్సెల్ షీటు గురించి ఆ అమ్మాయి ఏదో జోక్ వేసిందమ్మా. పొయ్యిలో పుల్ల ఎగదోసినట్టు ఎగదోస్తూ వచ్చాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. సరిపోల్చే మనిషి కంట పడకుండా ఆ వాక్యం బోర్డుకు చేరదు. కంట పడినా నోరు విప్పని మనిషి కావాలి. ఆయన అలాంటి మనిషిని తయారు చేసుకున్నాడు. తన కుళ్ళు తనకే రహస్యమనుకుంది ఆమె. ఆయన దాన్ని తూకం వేసి మరీ వాడుకున్నాడు.

మూడూ యాభై. పెన్‌డ్రైవ్ పక్కన పెట్టి, రెండు కాగితాలు తీసుకుని వెళ్తే కుర్చీ వస్తుంది. పెన్‌డ్రైవ్ తీసుకెళ్తే నిఖిల ఉద్యోగం మిగులుతుంది. కానీ ఆ ఫైలు బయటపెట్టగానే మొదటి ప్రశ్న వస్తుంది: ఇది నీ దగ్గర జనవరి నుంచీ ఎందుకుంది?

ఏం చెయ్యాలో తేల్చుకోకుండానే లేచింది. కాగితాలు చేతిలో, పెన్‌డ్రైవ్ పిడికిట్లో.

*

బోర్డు గదిలో ఏడుగురు డైరెక్టర్లు. మధ్యలో మేడమ్ ఓంగ్, తెల్లజుట్టు, ముందు మూత పెట్టిన కలం. కుడివైపు చక్రధర్, నిబ్బరంగా. గోడ పక్క కుర్చీలో నిఖిల. కాత్యాయని బల్ల చివర నిలబడి పోర్టల్ రికార్డు చదివింది. సంతకాల కాగితం చూపించింది. చక్రధర్ ప్రతి వాక్యానికీ చిన్నగా తలూపాడు.

మేడమ్ ఓంగ్ గొంతు పెంచదు. ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది. ఈ కాగితాలు పోర్టల్‌లోకి ఎక్కించిందెవరో చెబుతున్నాయి, సంతకం పెట్టిందెవరో చెబుతున్నాయి, మార్చిందెవరో చెప్పడం లేదు. అనిరుధ్ అనే అబ్బాయి ఇందాక ఇదే కుర్చీలో కూర్చున్నాడు. అతనికి జవాబివ్వాలి. తనకు ఒక పేరు కావాలి.

చక్రధర్ నిఖిల వంక విచారంగా చూశాడు, ఇంటిపిల్ల పరీక్ష తప్పినట్టు.

నిఖిల లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళు సరిచేసుకుంది. ఆమె ఏం చెప్పబోతోందో కాత్యాయనికి అర్థమైంది. తప్పు నాదే అంటుంది. సరిపోల్చకుండా రెండు సంతకాలూ నేనే పెట్టాను, కాబట్టి బాధ్యత నాదే అంటుంది. కాత్యాయని పేరెత్తదు. ఈ గదిలో ఉన్న ఏడుగురూ ఆమెను పంపించేస్తారు, పంపించేసి జీవితమంతా ఆమెను తలుచుకుంటారు. ఎంత నిజాయితీ గల అమ్మాయి అనుకుంటారు. తన్మయి కూడా అనుకుంటుంది. కాత్యాయని ఆ కుర్చీలో కూర్చున్నన్నాళ్ళూ అది నిఖిల వదిలేసి వెళ్ళిన కుర్చీయే అవుతుంది.

ఈ ఒక్క ఆటా ఆమెను గెలవనివ్వలేకపోయింది.

"కూర్చో నిఖిలా," అంది కాత్యాయని, తెలుగులో. గది మొత్తం అటు తిరిగింది. "నువ్వు చేసిందేం లేదిక్కడ. ఊరికే గొప్పలకు పోకు."

పిడికిలి విప్పి పెన్‌డ్రైవ్‌ను తెరకు కలిపింది. ఫైలు తెరుచుకుంది. ఏడో పేజీ, ఎర్ర వాక్యం. ఇంగ్లీషులోకి మారింది. ఈ కాపీ జనవరి నుంచి తన దగ్గరుందని చెప్పింది. గురువారమే చూశానంది. నిఖిల అడిగిందనీ, తాను జవాబివ్వలేదనీ, జ్వరం అబద్ధమనీ, ఈ అమ్మాయి మీ అందరి ముందూ తలదించుకుంటే చూడాలని ఊరుకున్నాననీ వరసగా చెప్పింది. మినిట్స్ రాస్తున్న సెక్రటరీ చెయ్యి ఆగిపోతే, రాయండి, ఇది కూడా రాయండి అంది.

గోడ పక్క నుంచి నిఖిల గొంతు వినిపించింది. "అక్కా" అన్న మాట సగంలో ఆగింది. రెండేళ్ళలో ఆ పిలుపు సగంలో ఆగడం అదే మొదటిసారి. ఆమె వంక చూడకుండానే కాత్యాయనికి అది తెలిసింది. అందులోనూ ఒక చిన్న సంతోషం లేకపోలేదు.

చక్రధర్ ముందుకు వంగాడు. గొంతులో అన్నయ్య ఇంకా ఉన్నాడు. "కాత్యాయనీ, ఆలోచించి మాట్లాడమ్మా. నీకూ ఒక కూతురుంది."

"ఉందండి. దానికీ చెప్పుకోవాలి ఈ సాయంత్రం," అంది.

మేడమ్ ఓంగ్‌కు ఆ తెలుగు మాటలు అర్థం కాలేదు. అర్థం కావాల్సిన అవసరమూ రాలేదు. ఆవిడ చక్రధర్ ముఖం వంక చూస్తోంది. కలం మూత తీసింది.

"చూసి దాచింది నువ్వు. అది రాసుకున్నాం," అంది. "మార్చిందెవరు? తెర మీద చూపించడం కాదు. నీ నోటితో చెప్పు."

కాత్యాయని ఫైలు వివరాలు తెరిచింది. బుధవారం, తొమ్మిదీ పన్నెండు. ఆ పక్కనున్న పేరును ఆయన కళ్ళలోకే చూస్తూ గట్టిగా చదివింది.

"చక్రధర్."